విస్మృతియు ఋణమును

రాయపూరు నగరమునందలి పండరీ ప్రాంతము బట్టల వర్తకమునకు ప్రసిద్ధి గాంచినది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి పట్టణములనుండియు పల్లెలనుండియు చిల్లర వర్తకులు అచటి టోకు దుకాణములకు వచ్చి సరకు కొనిపోవుదురు. కొంత నగదు, కొంత అరువు. ఈ వ్యవహారమంతయు నమ్మకము మీదను ఖాతా పుస్తకము మీదను నడచును. అట్టి అంగళ్లలో అనుభవము వలన స్థిరపడిన న్యాయమొకటి కలదు: ఇచ్చినవాడు మరచినను పుచ్చుకొన్నవాడు మరువరాదు. ఖాతా చిరిగిపోయినంత మాత్రమున బాకీ తీరినట్లు కాదు. ఋణదాతకు మతి తప్పినదని విని, ఇక నడుగువాడు లేడుగదా యని సంతోషించు వానిని లోకము మోసగాడనును. అడుగకున్నను తెచ్చి యిచ్చువానిని పెద్దమనిషి యనును.

ఈ చిన్న న్యాయమును అంగడినుండి గృహమునకు తెచ్చి పరిశీలించినచో అది మిక్కిలి కఠినమైన ప్రశ్నగా మారును. ఒక తల్లి తాను కని పెంచిన బిడ్డను గుర్తింపలేకున్నది. తాను చేసిన సేవయు, పడిన శ్రమయు ఆమెకు జ్ఞాపకము లేవు. ఇప్పుడు తనకు జరుగుచున్న సేవయు మరునిమిషమునకు ఆమె మనస్సున నిలువదు. ఇచ్చినది మరచి, పుచ్చుకొన్నదియు మరచు వ్యక్తికి ఋణపడియుండుట యనగా నేమి? చూచువాడు లేని ఖాతాలో జమ వ్రాయుటకు అర్థమేమి? అల్జీమర్ వ్యాధి ప్రవేశించిన ప్రతి గృహమునందును ఈ ప్రశ్న పుట్టును. అది పండితుల వాదముగా గాక, రాత్రి రెండు గంటలకు తలుపు గడియ తీసికొని వీధిలోనికి పోవు వృద్ధుని రూపమున, ఇప్పుడే భుజించి తనకు అన్నము పెట్టలేదని యేడ్చు వృద్ధురాలి రూపమున ఎదురుగ వచ్చి నిలుచును.

ఋణమును గూర్చి విచారించుటకు ముందు వ్యాధిని గూర్చి తెలిసికొనుట యవసరము. చిత్తవైకల్యమును కలిగించు వ్యాధులు పెక్కు కలవు. వానిలో అల్జీమర్ వ్యాధియే అధికముగా కానవచ్చును. వయస్సు పెరిగినకొలది దీని భయము పెరుగునేగాని, ఇది వార్ధక్యము యొక్క సహజ లక్షణము కాదు. మెదడు కణముల నడుమ అమిలాయిడ్ అను మాంసకృత్తు ముద్దలుగా పేరుకొనును. కణముల లోపల టౌ అను మరియొక మాంసకృత్తు చిక్కులు పడును. క్రమముగా కణములు నశించును. క్రొత్త అనుభవములను జ్ఞాపకములుగా మార్చు హిప్పోకాంపస్ అను భాగము తొలుతనే దెబ్బతినును. అందుచేతనే రోగికి ఉదయము తిన్న ఫలహారము జ్ఞాపకముండదు. ఏబది యేండ్ల క్రిందటి తన వివాహములో వడ్డించిన పిండివంటలు జ్ఞాపకముండును.

వ్యాధి స్వభావము తెలియని కుటుంబము ఇచటనే మొదటి అన్యాయము చేయును. 'కావలసినవన్నియు గుర్తుండును, అక్కరలేనివి మాత్రమే మరచును' అని నిందించును. రోగి నటించుచున్నాడని అనుమానించును. తెలుగువారు ఈ స్థితిని చాదస్తమందురు. ఛాందసము అను పదము వేదాధ్యయనమునకు సంబంధించినది. అది వాడుకలో అరిగి అరిగి వృద్ధుల విసుగు పుట్టించు మాటలకు పేరైనది. హిందీ భాషలో సంగతి ఇంకను స్పష్టము. అరువది అను సంఖ్యకు ఆ భాషలో 'సాఠ్' అని పేరు. దానినుండి 'సఠియానా' అను క్రియాపదము పుట్టినది. అరువది నిండి మతి చలించుట యని దాని యర్థము. ఒక సంఖ్యయే రోగనిర్ణయమైపోయిన చోట వైద్యునితో పనియేమి? 'ముసలితనము రెండవ బాల్యము' అను సామెత దయతో పలికినట్లుండును. కాని బాలుడు దినదినము నేర్చుకొనువాడు; రోగి దినదినము పోగొట్టుకొనువాడు. అంతేగాక, డెబ్బది యేండ్లు గౌరవముతో జీవించిన మనుష్యుని బాలునివలె గద్దించుటకు ఆ సామెత అనుమతి నిచ్చుచున్నది.

ఈ వ్యాధి తొలిసారి వైద్యుల దృష్టికి వచ్చిన వృత్తాంతమునందును ఒక సామాన్య కుటుంబపు కష్టమే కానవచ్చును. 1901వ సంవత్సరము నవంబరులో జర్మనీ దేశమునందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగర చికిత్సాలయమునకు ఔగస్తె డీటర్ అను స్త్రీని తీసికొనివచ్చిరి. ఆమె రైల్వే ఉద్యోగి భార్య. వయస్సు ఏబదియొక్క సంవత్సరములు మాత్రమే. భర్తపై నిష్కారణమైన అనుమానముతో ఆమె వ్యాధి బయటపడినది. అలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు ఆమెను ప్రశ్నించి సమాధానములను వ్రాసికొనెను. భర్త పేరేమని యడిగిన, ఆమె తన పేరే చెప్పినది. ఆమె 1906లో మరణించినది. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో అల్జీమర్ ఆమె మెదడులో తాను చూచిన మార్పులను వివరించెను. సభ దానిని అంతగా పట్టించుకొనలేదు. 1910లో క్రెపెలిన్ అను ఆచార్యుడు తన గ్రంథమునందు ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టెను. ఆమెను పరీక్షించిన కాగితములు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే మరల దొరకినవి. మరపునకు చిహ్నముగా నిలిచిన స్త్రీని లోకము కొన్ని కాగితముల మూలమున మరల జ్ఞాపకము చేసికొన్నది.

ఆమె భర్తపై చూపిన అనుమానము వంటిదే మన యిండ్లలో వేరొక రూపమున కనబడును. కన్నకొడుకు నగలు దొంగిలించెననియు, కోడలు విషము పెట్టుచున్నదనియు రోగి పలుకుట కలదు. పెట్టిన చోటు మరచినవారికి వస్తువు మాయమైనట్లే తోచును. మాయమైనచో ఎవరో తీసినట్లే తోచును. నింద పడునది చెంతనే యుండి అన్నియు అందించు మనిషి మీద. సేవ చేయువారికి కలుగు ఈ గాయము విచిత్రమైనది. గాయము నిజము, గాయపరచినవారు లేరు. ఎవరి మీద కోపగింపవలయును?

ఈ సమస్యను భారతీయ సాహిత్యము మునుపే స్పృశించినది. మహాభారతములోని శకుంతలోపాఖ్యానమున దుష్యంతునకు మరపు లేదు. అతనికి అంతయు తెలియును. లోకాపవాదమునకు వెరచి, తెలియదని బొంకెను. నన్నయ తెనిగించిన ఆదిపర్వమునందును కథ ఇట్లే యున్నది. కాళిదాసు ఈ కథను నాటకముగా మలచునపుడు దుర్వాసుని శాపమును కల్పించెను. శాపము వలన రాజు నిజముగనే మరచెను. ఆ యొక్క మార్పుతో బొంకు అను దోషము విస్మృతి అను ఆపదగా మారినది. రాజునకు నిందనుండి విముక్తి కలిగినది. కాని కాళిదాసు శకుంతల దుఃఖమును తగ్గింపలేదు. రాజు నిర్దోషి యైనందున ఆమె అవమానము అసత్యము కాలేదు. మరచినవానికి దోషము లేదు, మరువబడిన వారికి దుఃఖము కలదు. ఈ రెండు సత్యములను ఏకకాలమున మనస్సున నిలుపుకొనుటయే ఈ వ్యాధి కుటుంబమునకు విధించు మొదటి పరీక్ష. వ్యాధిని గూర్చిన జ్ఞానము ఆ గృహమునకు చేయు మేలు కవి శాపమును కల్పించి చేసిన మేలు వంటిది. 'ఈమె బొంకుట లేదు, ఈమెకు శాపము తగిలినది' అని అది తెలుపును. ఒక్క భేదము మాత్రము కలదు. నాటకమున చేప కడుపునుండి ఉంగరము దొరకినది. ఈ వ్యాధిలో అట్టి ఉంగరము దొరకదు. నేడు వాడుకలోనున్న మందులు కొందరికి కొంతకాలము లక్షణములను తేలికపరచును. అమిలాయిడ్‌ను తొలగించు క్రొత్త మందులకు 2023 మొదలుకొని కొన్ని దేశములలో పూర్తి అనుమతి లభించినది. అవియు తొలిదశలో వ్యాధి వేగమును కొంత తగ్గించునే గాని పోయిన దానిని మరల తేజాలవు.

ఇక మూలప్రశ్న. జ్ఞాపకములన్నియు పోయిన తరువాత మిగిలినది ఆ మనిషియేనా? 1694లో వెలువడిన తన గ్రంథపు రెండవ కూర్పునందు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్, తన గతమును తనదిగా ఎరుగు చైతన్యమే వ్యక్తిత్వమునకు ఆధారమని వాదించెను. ఆ వాదమును తుదివరకు పట్టుకొని పోయినచో, గతమును మరచిన తల్లి ఆ తల్లి కాదని యనవలసివచ్చును. 1785లో థామస్ రీడ్ దీనిని ఒక దృష్టాంతముతో ఖండించెను. బాల్యమున తోటలో దొంగతనము చేసి దెబ్బలు తిన్న బాలుడొకడు యువకుడై యుద్ధమున శత్రువుల పతాకమును గెలిచెను, వృద్ధుడై సేనానాయకుడాయెను. యువకునకు బాల్యము గుర్తున్నది. సేనానాయకునకు యౌవనము గుర్తున్నది గాని ఆ దెబ్బలు గుర్తులేవు. జ్ఞాపకమే వ్యక్తియైనచో ఆ సేనానాయకుడు ఆ బాలుడగును, కాకయు పోవును. ఇది అసంగతము. కావున వ్యక్తి జ్ఞాపకము కంటె పెద్దవాడు.

మన దర్శనములలోను ఈ విచారమున్నది. కంటితో చూచిన దానినే చేతితో తాకితినని గుర్తించు శక్తిని బట్టి నైయాయికులు ఆత్మ కలదని నిరూపింపజూచిరి. అయితే వారికి జ్ఞాపకము ఆత్మను తెలుపు గుర్తే గాని ఆత్మయే కాదు. పొగ ఆరినంతనే కొండపై నిప్పు లేదని చెప్పరాదు. వేదాంతులు సుషుప్తిని చూపిరి. గాఢనిద్రలో మానవునకు తన పేరు గాని, బంధువులు గాని, ఊరు గాని తెలియదు. అయినను నిద్రించువాని ఇంటిని అతడు లేనివాడని యెవ్వరును పంచుకొనరు.

తత్త్వవేత్తల మాట యటుండగా శాస్త్రజ్ఞులు మరియొక సంగతి తెలిపిరి. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్ రోగులకు దుఃఖము కలిగించు చలనచిత్ర భాగములను, సంతోషము కలిగించు వానిని చూపిరి. కొలది నిమిషములకే రోగులు తాము చూచిన దానిలో అధికభాగమును మరచిరి. కాని ఆ దుఃఖము, ఆ సంతోషము వారిలో నిలిచియుండెను. కారణము మరచిన మనస్సు ఫలమును మరువలేదు. ప్రారంభమున తోచిన సందేహమునకు ఇందులో కొంత సమాధానమున్నది. ఉదయము కసరబడిన వృద్ధురాలు ఎవరు కసరిరో మధ్యాహ్నమునకు చెప్పజాలదు, కాని ఆమె మనస్సు క్రుంగియే యుండును. ప్రేమతో తల దువ్విన చేయి ఎవరిదో చెప్పజాలదు, కాని ఆమె ముఖము ప్రసన్నముగనే యుండును. చెల్లించినది ఖాతాకెక్కకున్నను చేరవలసిన చోటికి చేరుచునే యున్నది.

ఈ వ్యాధి ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క రూపము దాల్చును. రాయపూరు నగరమునందు తెలుగు కుటుంబములు చిరకాలముగా నివసించుచున్నవి. 1931లో పార్వతీపురమునుండి రాయపూరు వరకు రైలుమార్గము పూర్తియై, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములకు ఛత్తీస్‌గఢ్‌తో రాకపోకలు సులభమైనవి. ఉద్యోగములకై, కూలికై, వర్తకమునకై వచ్చినవారిలో పెక్కురు అచటనే స్థిరపడిరి. అట్టి యొక యింటిని ఊహింపవచ్చును. నాయనమ్మ తెలుగు పల్లెలో పుట్టి కోడలిగా వచ్చి హిందీ నేర్చినది. అంగడిలో ఛత్తీస్‌గఢీ మాటాడినది. కొడుకునకు రెండు భాషలు వచ్చును. మనుమడు హిందీలోనే చదివి, హిందీలోనే ఆడుకొని, నాయనమ్మను 'దాదీ' యని పిలుచును.

బహుభాషలు మాటాడుట మెదడునకు మేలు చేయునని హైదరాబాదు నగరమునందే ఒక ప్రసిద్ధ పరిశోధన జరిగినది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడియు సహచరులును 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒకే భాష వచ్చినవారికంటె రెండు భాషలు వచ్చినవారిలో వ్యాధి లక్షణములు సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనబడెను. చదువురాని వారియందును ఈ భేదము కానవచ్చెను. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి ప్రవహించు వీధులలో పెరుగుట యొక విధమైన సంపద యన్నమాట.

అయితే ఆ సంపదయు ఒకనాటికి కరగును. తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవుటయు, తల్లి నేర్పిన భాష తుదివరకు నిలుచుటయు పెక్కు రోగులలో కానవచ్చుచున్నది. అప్పుడా నాయనమ్మ 'మంచినీళ్లు' అని యడుగును. 'పానీ' యని మాత్రమే యెరిగిన మనుమడు ఆమె యేదో పలవరించుచున్నదని తలచి వెడలిపోవును. ఆమె పలికినది పలవరింత కాదు, అర్థవంతమైన పదము. దానిని వినగల చెవి ఆ గదిలో లేదు. వ్యాధి ఆమె నుండి హిందీని మాత్రమే తీసికొన్నది. ఆమెను మూగదానినిగా చేసినది చుట్టునున్న వారి అజ్ఞానము. మనుమడు పది తెలుగు మాటలు నేర్చికొన్నచో ఆ దాహము తీరును. అన్నము, నీళ్లు, నొప్పి, చలి, భయము, ఇల్లు, అమ్మ అను మాటలు నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. ఆమె ఆ యింటివారి కొరకు ఒక భాషను నేర్చినది. ఇప్పుడా యింటివారు ఆమె కొరకు కొన్ని మాటలు నేర్చుట దానము కాదు, బాకీ తీర్చుట.

భాష తరువాత సత్యము. ఇది సేవచేయువారిని అన్నిటికంటె ఎక్కువగా బాధించు ధర్మసంకటము. భర్త గతించి పదేండ్లయిన స్త్రీ 'ఆయన ఇంకను రాలేదేమి?' యని ప్రతి సాయంకాలము అడుగును. ఆయన లేరని చెప్పినచో ఆమెకది క్రొత్తగా విన్న మరణవార్త. ప్రతిదినము ఆమె వైధవ్యము నూతనమగును. వచ్చునని చెప్పినచో అసత్యము. అప్రియమైన సత్యమును, ప్రియమైన అసత్యమును రెండింటిని ధర్మశాస్త్రము నిషేధించినది. రెండు తలుపులు మూసికొన్న ఆ యింటి కోడలు ఏమి చేయవలయును?

జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ నగరపు బెన్రాత్ వృద్ధాశ్రమము ముందు, బస్సు లెన్నడును రాని యొక బస్సు నిలుపుచోటును కట్టిరి. 2008లో ఈ సంగతి ప్రపంచ పత్రికలకెక్కినది. ఇంటికి పోవలయునని ఆందోళనతో బయలుదేరు రోగులు అచట బల్లపై కూర్చుందురు. కొంతసేపటికి ఆందోళన శాంతించును. పరిచారకులు వచ్చి కాఫీకి పిలిచి లోనికి తీసికొనిపోవుదురు. ఇది మోసమని కొందరు, కరుణ యని కొందరు వాదించిరి. పండరీయందు ఇట్టి నిలుపుచోటును క్రొత్తగా కట్టనక్కరయు లేదు. రాయపూరు బస్సు నిలయము చిరకాలము అచటనే యుండి, 2021లో భాటాగాఁవ్‌కు మారినది. పూర్వము అచట బస్సెక్కుచుండిన వృద్ధుడొకడు సంచి చేతబట్టుకొని నేడు పండరీలో నిలిచి తన ఊరి బస్సును గూర్చి యడిగినచో, అతనిది కేవలము భ్రమ యనవచ్చునా? అచట బస్సులు నిలుచుట చరిత్ర. అతడు చోటు తప్పలేదు, కాలము తప్పినాడు.

ఇట్టి వాని ప్రశ్నకు సమాధానము మాటలలో గాక ప్రశ్న యొక్క హృదయములో వెదకవలయును. 'ఆయన రాలేదేమి' యను మాటకు అర్థము 'నాకు ఒంటరిగా నున్నది' యని. 'ఇంటికి పోవలయును' అను మాటకు అర్థము 'ఇచట నాకు భయముగా నున్నది' యని. 'అత్తయ్యగారూ, మామయ్యగారి మీద బెంగగా నున్నదా? ఆయనకు మీ చేతి వంటలో నేది యిష్టము?' అని కోడలు ప్రక్కన కూర్చున్నచో ఆమె అసత్యము పలుకలేదు, గుండెయు కోయలేదు. అన్నివేళల ఇంతటి యుపాయము తోచదు. అలసిన నోట ఒక చిన్న అబద్ధము జారును. అప్పుడు పరీక్షింపవలసినది ఆ అబద్ధము ఎవరి సుఖము కొరకు పుట్టినదను సంగతి. రోగి శాంతి కొరకు పలికినది వేరు. రోగి సంతకముతో ఆస్తిని వ్రాయించుకొనుటకు పలికినది వేరు. మొదటిది ధర్మసూక్ష్మము, రెండవది దొంగతనము.

సత్యమునకు కూడ ఒక కాలమున్నది. వ్యాధి తొలిదశలో రోగికి తెలివి చాలవరకు స్వాధీనములోనే యుండును. ఆ సమయమున 'నీకేమియు లేదు' అని దాచుట కరుణ కాదు, అపహరణము. తన శేషజీవితమును గూర్చి తాను నిర్ణయించుకొను హక్కును దొంగిలించుట. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, బుద్ధి స్వాధీనములో నున్నపుడే తనకెట్టి చికిత్స కావలయునో, ఎట్టిది వలదో, తన తరఫున ఎవరు నిర్ణయింపవలయునో ముందుగ వ్రాసియుంచవచ్చును. తొలిదశలో సత్యము, తుదిదశలో సాంత్వనము అను క్రమమును పాటించినచో ఈ ధర్మసంకటము చాలవరకు తీరును. అనేక గృహములలో జరుగునది దీనికి విపర్యయము: చెప్పవలసిననాడు దాచుదురు, దాచవలసిననాడు గద్దించి చెప్పుదురు.

ఇక ఈ ఋణమును ఎవరు చెల్లింపవలయును? పితృఋణమును గూర్చి మన పూర్వులు గొప్పగా చెప్పిరి. 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము కుమారులు, కుమార్తెలు, మనుమలు, మనుమరాండ్ర మీద ఆ బాధ్యతను ఉంచినది. ఆ జాబితాలో కోడలు లేదు. కాని గృహములలో రాత్రింబవళ్లు సేవ చేయునది తరచుగా ఆమెయే. చట్టము కొడుకును ఋణస్థునిగా ఎంచినది. ఆచారము ఆ బాకీని కోడలి వీపునకెత్తినది. కొడుకు సాయంకాలము దుకాణమునుండి వచ్చి తల్లి మంచము ప్రక్కన ఐదు నిమిషములు కూర్చుండును, బంధువులు అతని మాతృభక్తిని పొగడుదురు. పగలెల్ల ఆమెను కడిగి, తుడిచి, తినిపించి, ఆమె నోట దొంగ యనిపించుకొన్న స్త్రీ వంటయింటిలో నుండును. ఒకరు చెల్లించిన దానికి మరియొకరికి రసీదు వ్రాయుట ఏ అంగడిలోను చెల్లదు.

ఈ వ్యాధి నిర్ణయమైన తరువాత అనేక సంవత్సరములు సాగును. అంతకాలము ఒకే మనిషి మోయదగిన భారము కాదిది. సేవించువారికి నిద్ర కరవగును, ఆరోగ్యము చెడును, ఒక్కొక్కప్పుడు 'ఇంకెంతకాలము?' అను తలంపు వచ్చి, ఆ తలంపునకే వారు తమ్ము తాము దూషించుకొందురు. ఆ తలంపు పాపము కాదు. అది అలసట యొక్క భాష. వారమునకు ఒక పూట మరియొకరు వచ్చి కూర్చుండుట, దూరమున నున్న సోదరులు వ్యయమును పంచుకొనుట, అవసరమైనచో పగటి సంరక్షణ కేంద్రమునకు గాని, వృద్ధాశ్రమమునకు గాని పంపుట ధర్మవిరుద్ధములు కావు. ఋణము కుటుంబమునది, కుటుంబమునకు మించినపుడు సమాజమునది.

సమాజమన్నపుడు సంఖ్యలను స్మరింపవలసియున్నది. 2010లో వెలువడిన నివేదిక మన దేశమున 37 లక్షల మంది చిత్తవైకల్యముతో బాధపడుచున్నట్లు అంచనా వేసినది. 2023లో ప్రకటితమైన విస్తృత పరిశీలన అరువదేండ్లు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అనగా దాదాపు 88 లక్షల మందికి, ఈ స్థితి యున్నట్లు లెక్కించినది. పురుషులకంటె స్త్రీలలోను, నగరములకంటె పల్లెలలోను అది యెక్కువ. కేరళలో 1992లో స్థాపితమైన అల్జీమర్ సంబంధిత వ్యాధుల భారత సంఘము తొలినాళ్లనుండి ప్రచారము చేయుచున్నది. 1994 మొదలుకొని సెప్టెంబరు 21వ తేదీని ప్రపంచమంతట అల్జీమర్ దినముగా జరుపుచున్నారు. అయినను వ్యాధి పేరు వినని గృహములు లెక్కకు మించియున్నవి. విన్నను దాచు గృహములు ఇంకను ఎక్కువ. ఇంటిలో మతి చలించినవారున్నారని తెలిసినచో పిల్లల వివాహములకు అడ్డగునను భయముచేత తలుపులు మూసికొందురు. మూసిన తలుపు వెనుక రోగియు, సేవించువారును కలిసి ఒంటరులగుదురు.

ఈ మౌనము వలన కలుగు నష్టము మానసికము మాత్రమే కాదు. మరపునకెల్ల అల్జీమర్ కారణము కాదు. థైరాయిడ్ లోపము, విటమిన్ బి12 కొరత, మనోవ్యాకులత, కొన్ని మందుల దుష్ఫలితములు కూడ ఇట్టి లక్షణములనే చూపును. వానిలో పెక్కింటికి చికిత్స కలదు. చాదస్తమని కొట్టివేయుట వలన నయము కాదగిన రోగియు నశించును. రక్తపోటు, మధుమేహము, వినికిడి లోపము, చూపు లోపము, పొగత్రాగుట మొదలగు పదునాలుగు కారణములను సరిదిద్దినచో లోకమునందలి చిత్తవైకల్యములో దాదాపు నూటికి 45 వంతులు నివారింపనో ఆలస్యము చేయనో వచ్చునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము తెలిపినది. తాతకు చెవుల యంత్రము కొనియిచ్చుట కూడ మతిని కాపాడుటయే.

రాయపూరు జిల్లా ఆసుపత్రి పండరీలోనే కలదు. జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక సేవలు కల్పింపవలయునను జాతీయ కార్యక్రమము 2010–11లో ఆరంభమైనది. వృద్ధుల సహాయమునకై 14567 అను దూరవాణి సంఖ్యయు, మానసిక ఆరోగ్య సలహాకై 2022లో ఆరంభమైన 14416 అను సంఖ్యయు దేశమంతట కలవు. ఇవి యున్నవని తెలియుట యొక యెత్తు. తెలిసి సిగ్గుపడక వినియోగించుకొనుట రెండవ యెత్తు. కాని ప్రభుత్వము చేయలేని పని మరియొకటి కలదు. కొన్న చీరనే మరల కొన వచ్చిన వృద్ధురాలిని చూచి నవ్వక, సొమ్ము రెండు మారులు పుచ్చుకొనక, ఇంటికి కబురుచేయు దుకాణదారుడు ఒక వైద్యునంతటి మేలు చేయును. దారి తప్పిన వృద్ధుని 'త్రాగి తిరుగుచున్నాడు' అనక, పేరడిగి నీడన కూర్చుండబెట్టు రిక్షావాడును అంతే. ప్రజలకు అవగాహన కలిగించుట యనగా సభలు, గోడపత్రికలు మాత్రమే కాదు; ఒక వీధి తన వృద్ధులను ఎరిగియుండుట.

మానవుని జ్ఞాపకము అతని తలలోనే యున్నదని తలచుట సరికాదు. అది కొంత అతని భార్య మనస్సులో, కొంత స్నేహితుని మాటలో, కొంత పొరుగువాని పలకరింపులో నిలిచియుండును. ఆరోగ్యవంతునకు ఈ సంగతి తెలియదు. ఎందుకనగా తన వాటా తనవద్దనే పదిలముగా నున్నది. వ్యాధి ఆ వాటాను హరించినపుడు, తక్కినవారి వద్దనున్న భాగములే అతని ఆస్తి. 'ఆయన ఈ సందులో అందరి పిల్లలకు లెక్కలు చెప్పినవాడు', 'ఆమె వరద వచ్చిననాడు పదిమందికి అన్నము వండిన తల్లి' అని చెప్పగలవారు ఒక్కరున్నంతకాలము ఆ మనిషి సంపూర్ణముగ పోయినట్లు కాదు. రోగి తాను ఎవరో మరచును. అతడెవరో చుట్టునున్నవారు మరువరాదు. ఆ బాధ్యతను రోగి అడుగడు, అడుగనేరడు. అడిగిన తరువాత చెల్లించునది బాకీ మాత్రమే. అడుగలేని వానికి చెల్లించునది ధర్మము.